పాత రహదారుల పునరుద్ధరణ: భద్రత, వ్యయం

వాడుకలో ఉన్న రహదారి పైపొర అరిగి, పగుళ్లు బారి, గుంతలు పడ్డాక దాని ఆయుష్షు పెంచడానికి చేసే పనులన్నిటినీ కలిపి రహదారి పునరుద్ధరణ అంటారు. పాత పొరను గీకి కొత్త తారు పొర వేయడం, దిగిపోయిన పునాదిని సరిచేయడం, మార్జిన్లను గట్టిపరచడం, కల్వర్టులూ కాలువలూ బాగుచేయడం దీని కిందికి వస్తాయి. రోజువారీ ప్యాచ్ వర్క్ ఇంతకంటే చిన్నది. రోడ్డును తవ్వి, కొత్త అలైన్‌మెంట్‌లో మళ్లీ కట్టడం ఇంతకంటే పెద్దది. ఈ రెంటికీ నడుమ ఉండడం వల్లనే దీనిలో చిక్కు వస్తుంది. ఆ రోడ్డు ఎడ్లబండ్లూ, అరకొర బస్సులూ తిరిగే రోజుల్లో వేసినది కావచ్చు. దాని మలుపులు, ఎత్తుపల్లాలు, ఇరుకు వంతెనలు, అంచున నిలిచిన చింతచెట్లు అన్నీ ఆ కాలానివే. పైపొర కోసం మంజూరైన డబ్బుతో వీటిలో వేటిని సరిచేయాలి, వేటిని అలాగే ఉంచేయాలి అనేది ప్రతి పునరుద్ధరణ పనిలోనూ ఎదురయ్యే ప్రశ్న.

దీన్ని ప్రాణాలకూ డబ్బుకూ మధ్య బేరంగా చెప్పుకోవడం మామూలు. జాగ్రత్తగా చూస్తే బేరం ఎక్కువగా ప్రాణాలకూ ప్రాణాలకూ మధ్యే జరుగుతుంది. పది కిలోమీటర్ల రోడ్డును పూర్తి ప్రమాణాలకు తేవడానికి ఖర్చయిన సొమ్ము, మిగతా వందల కిలోమీటర్లలోని మలుపులకూ కల్వర్టులకూ అందకుండా పోయిన సొమ్ము. ఒక రోడ్డును విడిగా చూసినప్పుడు న్యాయంగా కనిపించే నిర్ణయం, జిల్లా మొత్తం రోడ్లను కలిపి చూసినప్పుడు అన్యాయంగా తేలవచ్చు. ఈ రంగంలో యాభై ఏళ్లుగా జరిగిన పరిశోధన చాలావరకు ఈ లెక్కను సరిగ్గా వేయడం గురించినదే.

అమెరికాలో మూడు ఆర్‌ల వివాదం

ఈ విషయం మీద సుదీర్ఘమైన చర్చ అమెరికాలో జరిగింది. అక్కడ 1956 నాటి ఫెడరల్ రహదారుల చట్టం తర్వాత కేంద్ర నిధులు కొత్త రహదారుల నిర్మాణానికే వెళ్లేవి. కట్టిన రోడ్లను చూసుకోవడం రాష్ట్రాల వంతు. 1970లు వచ్చేసరికి రోడ్లు పాతబడ్డాయి, ధరలు పెరిగాయి, రాష్ట్రాల ఖజానాలు చాలలేదు. 1976 నాటి ఫెడరల్ రహదారుల చట్టం పైపొర వేయడానికీ, పూర్వస్థితికి తేవడానికీ, పునరుద్ధరించడానికీ కూడా కేంద్ర నిధులు వాడుకోవచ్చని అనుమతించింది. ఇంగ్లిషులో ఈ మూడు పనుల పేర్లూ ఆర్ అక్షరంతో మొదలవుతాయి కాబట్టి వీటికి 3ఆర్ అనే పేరు స్థిరపడింది. 1981లో అంతర్రాష్ట్ర రహదారుల విషయంలో పునర్నిర్మాణం కూడా చేరి 4ఆర్ అయింది.

డబ్బు దొరికాక తగాదా మొదలైంది. కేంద్ర నిధులు వాడే పని కొత్త రోడ్డు ప్రమాణాల ప్రకారం ఉండాలా, పాత రోడ్డు కాబట్టి తక్కువ ప్రమాణాలు చాలా? కొత్త రోడ్డు ప్రమాణం అంటే 12 అడుగుల వరుస, విశాలమైన మార్జిన్లు, సాఫీ మలుపులు. పల్లెల్లో మెలికలు తిరిగే రెండు వరుసల రోడ్లన్నిటికీ ఇవి తేవాలంటే భూసేకరణ, మట్టిపని, వంతెనల వెడల్పు అన్నీ మీద పడతాయి. అప్పుడు వంద మైళ్లు చేయాల్సిన డబ్బుతో పది మైళ్లు కూడా కావు, మిగతా రోడ్లు కళ్లముందే పాడైపోతాయి అని రాష్ట్రాల ఇంజనీర్లు వాదించారు. ప్రజాధనం పోసి ఒక ప్రమాదకరమైన రోడ్డుకు మరో ఇరవై ఏళ్ల ఆయుష్షు ఇస్తున్నారు, అంటే దాని ప్రమాదానికి కూడా అంతే ఆయుష్షు ఇస్తున్నారు అని భద్రత కోసం పనిచేసే సంఘాలు జవాబిచ్చాయి. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. 1978లో ఫెడరల్ రహదారుల సంస్థ విడి ప్రమాణాలు ప్రతిపాదించి విమర్శలు ఎదుర్కొంది. 1982లో, ఎవరి ప్రమాణాలు వారే రూపొందించుకుని ఆమోదం పొందవచ్చని రాష్ట్రాలకు వదిలింది. అదే ఏడాది చట్టసభ జోక్యం చేసుకుని, 3ఆర్ పనులు రోడ్డు ఆయుష్షునూ పెంచాలి, భద్రతనూ మెరుగుపరచాలి అని చట్టంలో రాసింది. శాస్త్రీయంగా అధ్యయనం చేసి చెప్పమని జాతీయ సైన్సు అకాడమీని కోరింది.

ఆ అధ్యయనమే రవాణా పరిశోధన మండలి 1987లో వెలువరించిన 214వ ప్రత్యేక నివేదిక. ఇప్పటికీ ఈ రంగంలో మొదట చదవాల్సిన పుస్తకం ఇదేనని చెప్పవచ్చు. ఏ ప్రమాణం ఎక్కడ అక్కర అనే దానికి అది వాహనాల రద్దీని ఆధారం చేసుకుంది. ఉదాహరణకు, ఒక మలుపు ఎంత వేగానికి తట్టుకుంటుందో, అక్కడ వాహనాలు నిజంగా ఎంత వేగంతో వస్తున్నాయో కొలిచి చూడమంది. తేడా గంటకు 15 మైళ్లు దాటి, రోజుకు 750కి మించి వాహనాలు తిరుగుతుంటే ఆ మలుపును తిరిగి కట్టే ఆలోచన చేయమంది. అంతకు తక్కువైతే హెచ్చరిక బోర్డులు, అంచు గీతలు, మలుపు లోపలి వైపు పొదలు కొట్టించడం వంటి చవక పనులు చాలునంది. ప్రతి పని మొదలయ్యే ముందు గడిచిన ప్రమాదాల రికార్డు తిరగేయాలని, ఇంజనీరు స్వయంగా రోడ్డంతా చూసి రావాలని కూడా చెప్పింది. ఈ రెండో మాట తేలికగా అనిపిస్తుంది కాని, టెండరు పిలిచే హడావిడిలో మొదట ఎగిరిపోయేది అదే.

అదే ఏడాది పరిశోధకుడు జెగీర్, ఆయన సహచరులు రెండు వరుసల రోడ్ల వెడల్పు మీద ఇచ్చిన అంకెలు దశాబ్దాల పాటు ప్రామాణికంగా నిలిచాయి. వాహనం రోడ్డు దిగిపోవడం, ఎదురెదురుగా ఢీకొనడం, పక్కలు రాసుకోవడం వంటి ప్రమాదాలు వరుసను 1 అడుగు వెడల్పు చేస్తే 12 శాతం, 2 అడుగులు చేస్తే 23 శాతం, 3 అడుగులకు 32, 4 అడుగులకు 40 శాతం తగ్గుతాయని వారు లెక్కగట్టారు. చివరి అడుగు ఇచ్చే లాభం మొదటి అడుగు లాభంకంటే తక్కువన్నది ఇక్కడ గమనించాలి. ఖర్చు మాత్రం అడుగడుగుకూ తగ్గదు. పైగా ఏదో ఒక చోట రోడ్డు సరిహద్దు దాటి పొలంలోకి అడుగుపెట్టాల్సి రావడంతో ఒక్కసారిగా ఎగబాకుతుంది. కాబట్టి ఒక రోడ్డుకు నాలుగడుగులు పెంచే బదులు, నాలుగు రోడ్లకు తలా ఒక అడుగు పెంచితే అదే డబ్బుతో ఎక్కువ ప్రాణాలు దక్కే సందర్భాలు చాలానే ఉంటాయి.

అమెరికా ప్రమాణాలు క్రమంగా ఇటే మొగ్గాయి. 1985లో 13 అంశాలను కీలక ప్రమాణాలుగా ప్రకటించి, వాటిలో దేన్ని తప్పినా ప్రత్యేక అనుమతి తీసుకోవాలన్నారు. 2016లో వాటిని 10కి తగ్గించారు. గంటకు 50 మైళ్ల లోపు వేగానికి రూపొందించిన రోడ్లకైతే రెండే మిగిల్చారు. తీసేసిన అంశాలకు ప్రమాదాలతో చెప్పుకోదగ్గ సంబంధం కనబడకపోవడమే కారణం.

పుస్తకంలో భద్రత, రోడ్డు మీద భద్రత

ఈ మార్పు వెనక టొరంటో ఆచార్యుడు ఎజ్రా హావర్ కృషి పెద్దది. కెనడాలో టొరంటోకు ఉత్తరాన 407వ నంబరు రహదారి 1997లో ప్రారంభం కావడానికి ముందు దాని భద్రత మీద అనుమానాలు రాగా, పరిశీలించడానికి వేసిన నిపుణుల బృందంలో ఆయన ఉన్నారు. రోడ్డు ప్రమాణాలకు లోబడే ఉంది. అయినా అది ఎంత భద్రమైనదో ఆ ప్రమాణాలు చెప్పలేకపోయాయి. ప్రమాణాల పుస్తకాన్ని పాటించడం వల్ల కలిగే భద్రత వేరు, రోడ్డు మీద నిజంగా ఎన్ని ప్రమాదాలు జరుగుతున్నాయన్న దాన్నిబట్టి తేలే భద్రత వేరు అని హావర్ విడదీశారు. మొదటిది ఉందో లేదో చెప్పవచ్చు. రెండోది ఎంత ఉందో కొలవాలి. పుస్తకం ప్రకారం లోపం ఉన్న మలుపులో ముప్పై ఏళ్లుగా ఎవరికీ ఏమీ కాకపోవచ్చు. పుస్తకానికి అన్నివిధాలా సరిపోయిన కూడలిలో నెలకొకరు చనిపోవచ్చు.

2010లో అమెరికాలో వెలువడిన రహదారి భద్రతా మాన్యువల్ ఈ ఆలోచనను పనిముట్టుగా మార్చింది. రోడ్డు వెడల్పు, రద్దీ, మలుపులు, కూడళ్ల వివరాలు ఇస్తే ఏటా ఎన్ని ప్రమాదాలు జరగవచ్చో అంచనా కట్టి, ఒక్కో మార్పు వల్ల ఆ అంకె ఎంత తగ్గుతుందో చెప్పే పద్ధతి అది. ఖర్చు పక్కన ఫలితాన్ని నిలబెట్టి చూడడం అప్పటినుంచి సులువైంది. అయితే ఆ గుణకాలు అమెరికా రోడ్ల మీద, అక్కడి కార్ల మీద లెక్కించినవి. ఒకే తారు మీద లారీ, ఆటో, ట్రాక్టరు, గొర్రెల మంద కలిసి నడిచే చోట వాటిని యథాతథంగా తెచ్చుకోవడం ప్రమాదకరం.

నునుపైన రోడ్డు, పెరిగిన వేగం

పైపొర బాగుచేస్తే రోడ్డు దానంతట అదే భద్రమవుతుందని చాలామంది నమ్మకం. గుంతలు తప్పించబోయి పడిపోయేవారు తగ్గుతారు, వానలో టైరుకు పట్టు దొరుకుతుంది, అది నిజం. కాని నున్నని రోడ్డు మీద వేగం పెరుగుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని రెండు వరుసల గ్రామీణ రోడ్ల మీద హావర్ తన సహచరులతో చేసి 1994లో ప్రచురించిన అధ్యయనంలో, పైపొర ఒక్కటే వేసి వదిలేసిన రోడ్లలో మొదటి కొన్నేళ్లు ప్రమాదాలు పెరిగాయి. పైపొరతో పాటు అంచులూ, బోర్డులూ, రోడ్డు పక్కల అడ్డంకులూ సరిచేసిన చోట ఆ పెరుగుదల కనబడలేదు. స్వీడన్ పరిశోధకుడు గోరాన్ నిల్సన్ సూత్రం ప్రకారం సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు సుమారు 4 శాతం పెరుగుతాయి. గుంతల రోడ్డు మీద గంటకు నలభైలో పోయే బండి, కొత్త తారు మీద అరవైలో పోతే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అందుకని రోడ్డు వేయవద్దని కాదు. పాడైన రోడ్డును వదిలేయడం అన్నిటికంటే ఖరీదైన మార్గం. 85 వర్ధమాన దేశాల్లో రెండు దశాబ్దాల్లో సుమారు 4500 కోట్ల డాలర్ల విలువైన రోడ్లు నాశనమయ్యాయని, 1200 కోట్ల డాలర్ల లోపు సకాలపు నిర్వహణతో ఆ నష్టాన్ని ఆపగలిగేవారని ప్రపంచ బ్యాంకు 1988లో లెక్క చెప్పింది. తారు వేసే రోజునే భద్రత పనులు కూడా చేర్చుకోవాలన్నది న్యూయార్క్ అధ్యయనం నుంచి తీసుకోవాల్సిన పాఠం. పేవర్, రోలర్, కూలీలు, ట్రాఫిక్ మళ్లింపు అన్నీ అప్పటికే రోడ్డు మీద ఉంటాయి. అదే పని తర్వాత విడిగా చేస్తే వీటన్నిటికీ మళ్లీ చెల్లించాలి.

చవకగా దొరికే భద్రత

ఇందుకు చక్కటి ఉదాహరణ రోడ్డు అంచు. పొర మీద పొర వేస్తూ పోతే తారు ఎత్తు పెరుగుతుంది, పక్క మట్టి వానకు కోసుకుపోతుంది, అంచు దగ్గర మెట్టు ఏర్పడుతుంది. ఎదురుగా వచ్చే బస్సుకు దారిచ్చి మార్జిన్‌లోకి దిగిన ద్విచక్ర వాహనం మళ్లీ పైకెక్కబోయేటప్పుడు చక్రం ఆ మెట్టుకు రాసుకుంటుంది. చోదకుడు హ్యాండిల్ ఇంకాస్త తిప్పుతాడు, చక్రం ఒక్కసారిగా ఎక్కి బండి ఎదుటి వరుసలోకి దూసుకుపోతుంది. పేవర్‌కు చిన్న అచ్చు బిగించి అంచును నిటారుగా కాకుండా 30 డిగ్రీల వాలులో నొక్కితే ఈ మెట్టు ప్రమాదం చాలావరకు పోతుంది. అమెరికాలో దీన్ని సేఫ్టీ ఎడ్జ్ పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. అదనంగా పట్టే తారు మొత్తం పనిలో లెక్కలోకి రానంత కొద్ది. మన దగ్గర మార్జిన్లకు గ్రావెల్ పోసి చదును చేయడం ఎస్టిమేట్‌లో ఉంటుంది కాని, బిల్లు అయ్యాక వచ్చే మొదటి వానాకాలమే దాన్ని తీసుకుపోతుంది. తారు అంచునే వాలుగా వేయడం మన వాతావరణానికి ఇంకా ఎక్కువ అవసరం.

మధ్య గీత మీద రంబుల్ స్ట్రిప్స్ కూడా ఈ కోవలోవే. కునుకు పట్టిన డ్రైవరును చప్పుడుతో, అదురుతో లేపే ఈ గాళ్లు రెండు వరుసల గ్రామీణ రోడ్ల మీద ఎదురెదురు ఢీకొనడం, ఎదుటి వాహనాన్ని రాసుకోవడం వల్ల కలిగే మరణాల, గాయాల ప్రమాదాలను 44 శాతం తగ్గించాయని అమెరికాలో 2009లో వెలువడిన నివేదిక తేల్చింది. మార్జిన్‌నే దారిగా వాడుకునే సైకిళ్లు, బైకులు ఉన్న మన రోడ్ల మీద వీటిని అంచున వేసేటప్పుడు మాత్రం చోటు చూసి వేయాలి.

రోడ్డు పక్కనున్న గట్టి వస్తువులది మరో కథ. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున పాత మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర, బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు కల్వర్టును ఢీకొట్టింది. ఇంధన ట్యాంకు పగిలి మంటలు లేచి 45 మంది చనిపోయారు. వేగం, బస్సు నిర్మాణం, తలుపుల అమరిక అన్నిటి మీదా ఆ తర్వాత చర్చ జరిగింది. జరగాల్సిందే. రోడ్డు ఇంజనీరు దృష్టిలో అక్కడ మరో ప్రశ్న ఉంది: దూసుకొచ్చే వాహనానికి కల్వర్టు గోడ చివర మొనలా ఎదురు నిలవకుండా, దాన్ని తిరిగి రోడ్డు మీదికి మళ్లించే ఏర్పాటు ఉందా? కల్వర్టును వెడల్పు చేయడం ఖరీదైన పని. గోడకు ముందు కొన్ని మీటర్ల క్రాష్ బ్యారియర్ సరైన ఎత్తులో, సరైన ముగింపుతో బిగించడం అంత ఖరీదు కాదు. మన రోడ్ల మీద ఇలాంటి కల్వర్టులు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటికి నలుపు, తెలుపు పట్టీల రంగు తప్ప మరే రక్షణా లేదు.

ఇక్కడ ఒక సాంకేతిక జాగ్రత్త. పాత పొరను గీకకుండా పైన కొత్త పొర వేసుకుంటూ పోతే రోడ్డు లేస్తుంది, బ్యారియర్ ఎత్తు ఆ మేరకు తగ్గుతుంది. డివైడర్ అంచురాయి రోడ్డులో కలిసిపోతుంది. వంతెన పిట్టగోడ కురచబడుతుంది. ఒకప్పుడు సరిగ్గా బిగించిన రక్షణ ఇరవై ఏళ్లలో ఎవరూ ముట్టుకోకుండానే పనికిరాకుండా పోతుంది. గీకి వేయడం మొదట కొంచెం ఖరీదే అయినా, గీకిన సరుకును తిరిగి వాడుకోవచ్చు, ఈ కొలతలూ చెడవు.

స్వీడన్ ఎంచుకున్న మధ్యేమార్గం

రోడ్డు మీద ఎవరూ చనిపోకూడదు, తీవ్రంగా గాయపడకూడదు అనే లక్ష్యాన్ని స్వీడన్ పార్లమెంటు 1997 అక్టోబరులో ఆమోదించింది. ఆ దేశానికి 13 మీటర్ల వెడల్పున్న రెండు వరుసల రోడ్లు చాలా ఉండేవి. విశాలమైన మార్జిన్ల వల్ల వాటి మీద వేగంగా పోయేవారు, ఎదురెదురు ఢీకొని చనిపోయేవారు. వాటన్నిటినీ నాలుగు వరుసల మోటారు మార్గాలుగా మార్చే డబ్బు లేదు. అందుకని ఉన్న 13 మీటర్లలోనే మూడు వరుసలు గీసి, మధ్య వరుసను కొంతదూరం ఒకవైపుకూ, మరికొంతదూరం రెండోవైపుకూ ఓవర్‌టేక్ కోసం ఇచ్చి, నడుమ ఉక్కు తాళ్ల బ్యారియర్ కట్టారు. 1998లో ఈ4 రహదారి మీద యావ్లే ఊరికి ఉత్తరాన మొదటి ప్రయోగం మొదలైంది. పదేళ్ల అనుభవాన్ని జాతీయ రోడ్డు పరిశోధన సంస్థ పరిశీలించినప్పుడు ఇలాంటి రోడ్ల మీద మరణాలు నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గినట్టు తేలింది.

ఇందులో విశేషం ఖర్చు తగ్గడం ఒక్కటే కాదు. బ్యారియర్‌కు వాహనాలు తరచు తగిలేవి, తాళ్లు మళ్లీ మళ్లీ బిగించాల్సి వచ్చేది. అంటే చిన్న ప్రమాదాలు, మరమ్మతుల ఖర్చు ఉన్నాయి. మార్జిన్ ఇరుకైపోయింది. వాహనం నష్టపోయినా మనిషి బతకాలి అన్నది వారి ఎంపిక. ప్రమాదాల సంఖ్యను లెక్కపెట్టే పద్ధతిలో ఇది అంత గొప్పగా కనిపించదు. మరణాలను లెక్కపెడితే దీనికి సాటి వచ్చే చవక పని మరొకటి చూపడం కష్టం.

ప్రాణానికి వెల కట్టడం

లాభనష్టాల లెక్క వేయాలంటే తప్పిన మరణానికి ఏదో ఒక అంకె వేయాలి. చాలామందికి ఇది రుచించదు. అంకె వేయకపోతే అది సున్నాగా లెక్కలోకి వెళుతుందన్నది ఆర్థికవేత్తల జవాబు, ఆ జవాబు సరైనదే. అమెరికా రవాణా శాఖ 2023 సంవత్సరానికి ఈ విలువను 1.32 కోట్ల డాలర్లుగా తీసుకుంది. అంతర్జాతీయ రోడ్డు మదింపు సంస్థ ఐర్యాప్, దేశ తలసరి ఉత్పత్తికి 70 రెట్లు తీసుకోమంటుంది. తలసరి ఉత్పత్తి రెండు లక్షల రూపాయలనుకుంటే భారతదేశంలో అది 1.4 కోట్లవుతుంది. గుర్తుతెలియని వాహనం ఢీకొని చనిపోయినవారి కుటుంబానికి ఇక్కడ చట్టప్రకారం ఇచ్చే పరిహారం 2022 దాకా 25 వేల రూపాయలు, ఆ తర్వాత రెండు లక్షలు. ప్రభుత్వం చెల్లించే పరిహారాన్నే ప్రాణం విలువగా లెక్కలో వాడితే ఏ బ్యారియరూ, ఏ అండర్‌పాసూ గిట్టుబాటు కాదు.

లెక్కలో మరో మెలిక కాలం ఆదా. రహదారి ప్రాజెక్టుల ఆర్థిక మదింపులో వాహన ఖర్చు తగ్గడం, ప్రయాణ సమయం తగ్గడం ప్రధాన లాభాలుగా చూపుతారు. వేగం పెరిగితే లాభం పెరిగినట్టు. ఆ వేగమే తెచ్చే మరణాలను అంతే శ్రద్ధగా నష్టం కింద రాయకపోతే, ఊరి మధ్యలోంచి పోయే రోడ్డు మీద వేగం తగ్గించే ప్రతి ప్రతిపాదనా కాగితం మీద నష్టంగానే తేలుతుంది.

భారతదేశంలో

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మొత్తం రోడ్ల పొడవులో రెండు శాతానికి కాస్త అటూ ఇటూ ఉండే జాతీయ రహదారుల మీదే 61,038 మంది పోయారు. దేశవ్యాప్తంగా మృతుల్లో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవారు, 19.5 శాతం పాదచారులు. మన లెక్క పాశ్చాత్య దేశాల లెక్కకు భిన్నంగా ఉండాల్సింది ఇక్కడే. కారు రోడ్డు దిగిపోకుండా చూడడం వారి ప్రధాన సమస్య. మనకు రోడ్డు దాటే మనిషి, అడ్డంగా తిరిగే బైకు, ఎదురు వచ్చే ఆటో ప్రధాన సమస్య.

కేంద్ర రహదారుల శాఖ 2015లో బ్లాక్ స్పాట్‌కు నిర్వచనం ఇచ్చింది. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల నిడివిలో, మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో మరణాలో తీవ్ర గాయాలో కలిగిన ప్రమాదాలు ఐదు జరిగినా, పది మంది చనిపోయినా అది బ్లాక్ స్పాట్. అక్కడ వెంటనే చేసే తాత్కాలిక పనులు, తర్వాత చేసే శాశ్వత పనులు అని రెండు దశలుంటాయి. బోర్డులు, గీతలు, వేగ నిరోధకాలు, లైట్లు, అక్రమ ఓపెనింగులు మూయడం మొదటి దశ. అండర్‌పాస్, ఫ్లైఓవర్, సర్వీసు రోడ్డు రెండో దశ. పరిమితమైన డబ్బును ప్రమాదం ఎక్కువున్న చోట పెట్టడానికి ఇది మంచి సాధనం. దీని లోపం కూడా స్పష్టం. ఐదు తీవ్ర ప్రమాదాలో, పది మరణాలో జరిగాక గాని ఆ చోటు జాబితాకెక్కదు. అందుకే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్‌పీ-88 మాన్యువల్ చెప్పే రోడ్డు భద్రతా ఆడిట్‌ను దీనికి జత చేయాలి. అది ప్రమాదం జరగకముందే, నక్షా దశలోనే లోపాలు వెతుకుతుంది.

హైదరాబాదు–విజయవాడ దారి, అప్పటి ఎన్‌హెచ్-9, ఇప్పటి ఎన్‌హెచ్-65, గడిచిన దశాబ్దం మొదట్లో టోల్ పద్ధతిలో నాలుగు వరుసలైంది. ప్రయాణం బాగా తగ్గింది. కాని చౌటుప్పల్, చిట్యాల, సూర్యాపేట వంటి పట్టణాల దగ్గర ఊరి రోడ్లు రహదారిలో నేరుగా కలిసేలా కూడళ్లు మిగిలాయి. తర్వాత ప్రమాదాల జాబితాల్లో ఆ పేర్లే పదేపదే వచ్చాయి. వాహనాలు తిరుగుతుండగానే అక్కడ వంతెనలు, అండర్‌పాస్‌లు కట్టాల్సి వచ్చింది. ఊరి ఒక పక్క ఇళ్లు, రెండో పక్క పొలాలూ బడీ ఉంటే జనం దాటక మానరు. యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల పెడితే బైకులు రాంగ్ రూట్‌లో వస్తాయి, డివైడర్‌కు కన్నం పడుతుంది. దీన్ని జనం క్రమశిక్షణ లోపంగా రాసేయడం తేలిక. నడిచే మనిషికి రోడ్డు నక్షాలో చోటివ్వకపోవడమే దీనికి మూలమని నా అభిప్రాయం. సర్వీసు రోడ్డు వేయకపోవడం మొదట్లో ఆదాలాగా కనిపిస్తుంది, పదేళ్ల తర్వాత దాన్ని రెట్టింపు ధరకు కట్టుకోవాల్సి వస్తుంది.

ఖర్చు అంటే డబ్బు మాత్రమే కాని సందర్భాలూ ఉన్నాయి. చేవెళ్ల మీదుగా బీజాపూర్ వైపు వెళ్లే రోడ్డుకు రెండు పక్కలా వందలాది పాత మర్రిచెట్లున్నాయి. వెడల్పు పనులు చెట్ల కోసం జరిగిన న్యాయపోరాటంతో ఏళ్ల తరబడి ఆగాయి. 2025 నవంబరులో అదే రోడ్డు మీద బస్సూ కంకర టిప్పరూ ఢీకొన్న ఘోర ప్రమాదం తర్వాత వాదన మళ్లీ రగిలింది. చెట్టా, మనిషా అని అడిగితే జవాబు ఒకటే వస్తుంది, కాని అది సరైన ప్రశ్న కాదు. కొన్ని చోట్ల చెట్లను డివైడర్‌లోకి తీసుకుని కొత్త వరుసలను పక్కకు వేయడం, కొన్నిటిని వేరే చోటికి తరలించడం, ఈలోగా వేగం తగ్గించి బ్యారియర్లు కట్టడం వంటి మార్గాలు ఉన్నాయి. వ్యాజ్యం నడిచే కాలంలో చేయగలిగిన చవక భద్రత పనులను కూడా వెడల్పు పనులకు ముడిపెట్టి ఆపేయడం ఇలాంటి వివాదాల్లో జరిగే అసలు నష్టం.

ముంబై–పుణే ఎక్స్‌ప్రెస్‌వే మీద సేవ్‌లైఫ్ ఫౌండేషన్, మహారాష్ట్ర రోడ్డు అభివృద్ధి సంస్థ, హైవే పోలీసులు కలిసి చేపట్టిన కార్యక్రమం ఇందుకు భిన్నమైన అనుభవం. 2016లో అక్కడ 151 మంది చనిపోయారు. రోడ్డును తిరిగి కట్టకుండానే కాంక్రీటు దిమ్మెలకు బ్యారియర్లు బిగించి, గీతలూ బోర్డులూ సరిచేసి, ఆగి ఉన్న లారీలను వెంటనే తొలగించి, వేగం మీద నిఘా పెట్టి, అంబులెన్సు త్వరగా అందేలా చేశారు. 2019కి మరణాలు 92కు దిగాయి.

పని జరిగే రోజుల్లో, పని అయ్యాక

పునరుద్ధరణ పనే కొన్ని నెలల పాటు రోడ్డును మరింత ప్రమాదకరం చేస్తుంది. ఒక వరుస తవ్వి ఉంటుంది, కంకర కుప్పలుంటాయి, రాత్రి దీపాలుండవు, మళ్లింపు దారి చివరి క్షణంలో కనిపిస్తుంది. పని ప్రదేశాల్లో ట్రాఫిక్ నిర్వహణకు ఎస్‌పీ-55 మార్గదర్శకాలు ఉన్నాయి. హెచ్చరిక ఎంత దూరంలో మొదలవ్వాలి, వరుసను ఎంత వాలుగా కుదించాలి, జెండా పట్టే మనిషి ఎక్కడ నిలవాలి అన్నీ వాటిలో వివరంగా చెప్పారు. ఈ ఏర్పాట్లకు టెండరులో విడిగా పద్దు ఉంటే అవి కనబడతాయి. మిగతా ధరల్లోనే కలిసి ఉన్నాయని రాస్తే కాంట్రాక్టరుకు ప్రతి కోన్, ప్రతి దీపం సొంత జేబు ఖర్చు అవుతుంది. రెండు ఇసుక బస్తాలు, ఒక చెట్టుకొమ్మ అడ్డం పెట్టి ఊరుకోవడానికి కారణం చాలాసార్లు ఈ ఒక్క పద్దు లేకపోవడమే.

ఒప్పందాల తీరు కూడా ఇలాంటిదే. కట్టిన సంస్థే నిర్వహణ కూడా చూసే టోల్, హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతుల్లో రోడ్డు నునుపును ఏటా యంత్రంతో కొలుస్తారు, హద్దు దాటితే జరిమానా ఉంటుంది. కాబట్టి పొర మాత్రం సమయానికి పడుతుంది. కొత్తగా అండర్‌పాస్ కావాలంటే అది ఒప్పందం పరిధిలో లేని పని, దాని ఖర్చు ప్రభుత్వానిది, ఉత్తరాలు ఏళ్లు నడుస్తాయి. నిర్ణీత నిడివిలో పదేపదే ప్రమాదాలు జరిగితే కాంట్రాక్టరుకు జరిమానా వేసేలా టోల్ ఒప్పందాలను మార్చాలని కేంద్ర రహదారుల శాఖ 2025లో ముందుకొచ్చింది. ప్రమాదాల రికార్డు నిజాయితీగా నమోదైతేనే ఇది పనిచేస్తుంది. పోలీసు ఎఫ్‌ఐఆర్‌లో చోటు సరిగ్గా రాయడం, కిలోమీటరు రాయి లేదా ఉపగ్రహ అక్షాంశాలు చేర్చడం ఇంజనీరు బడ్జెట్ కంటే ముందు కావాలి. దేశమంతటా ప్రమాదాల వివరాలను చోటుతో సహా ఒకే చోట నమోదు చేయడానికి ఐరాడ్ అనే కేంద్రీకృత వ్యవస్థను 2021 నుంచి అమలులోకి తెస్తున్నారు. పోలీసులు, రవాణా, ఆరోగ్య, రహదారుల శాఖల సిబ్బంది తమ తమ వివరాలను అందులో చేరుస్తారు. రోడ్డు ఇంజనీరు ఆ చోటును స్వయంగా చూసి, అక్కడి లోపమేమిటో అందులోనే నమోదు చేయాల్సి ఉంటుంది.